పాదానికి తెలిసే తేడా: మాన్యువల్ గేరు కారులో పెడళ్ల వింత పోకడలను ఆరా తీసే పద్ధతి

మాన్యువల్ గేరు కారును రోజూ నడిపేవారికి క్లచ్ ఎంత లోతుకు తొక్కితే గేరు పడుతుందో, ఎంత వదిలితే బండి కదలడం మొదలుపెడుతుందో, బ్రేకు మీద ఎంత బరువు వేస్తే వేగం ఎంత తగ్గుతుందో ఆలోచించకుండానే తెలుస్తుంది. ఆ అలవాటుకు సరిపడని స్పర్శ ఒకరోజు పాదానికి తగులుతుంది. పెడల్ మునుపటికంటే బరువెక్కుతుంది, లేదా దూదిలా లోపలికి పోతుంది, లేదా సన్నగా అదురుతుంది. అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లి "క్లచ్ ఏదో తేడాగా ఉంది" అని మాత్రమే చెబితే, ఆ మాట ఏ భాగానికైనా వర్తిస్తుంది కాబట్టి, ఖరీదైన భాగం మార్చడంతోనే మరమ్మతు మొదలయ్యే ప్రమాదం ఉంది. నా కారులో క్లచ్ పెడల్ బరువెక్కినప్పుడు జరిగింది అదే. ప్లేటుతో సహా క్లచ్ సెట్టు మొత్తం మార్పించిన తర్వాత కూడా ఆ బరువు అలాగే మిగిలింది. కేబుల్ తొడుగు లోపల తీగ పోగులు తెగి ఒరుసుకుంటున్నాయని తరువాత తేలింది. గేర్ బాక్సు దించకముందే కేబుల్‌ను ఒక చివర విప్పి చేతితో లాగి చూసి ఉంటే నిమిషాలలో బయటపడే సంగతి అది. ఈ మార్గదర్శిలో చెప్పే క్రమమంతా ఆ ఒక్క పాఠం మీద నిలబడింది: పాదానికి తెలిసినదాన్ని ముందు సరిగ్గా వర్ణించాలి, తరువాత ఒక్కొక్క పరిస్థితిని మాత్రమే మార్చి చూడాలి, భాగాలు విప్పడం అన్నిటికంటే చివర రావాలి.

మొదటి అడుగు: స్పర్శను మాటల్లో పెట్టండి

ఒక కాగితం తీసుకుని మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. తేడా ఎప్పుడు తెలుస్తోంది? పెడల్ ప్రయాణంలో ఏ లోతులో తెలుస్తోంది? దేనిని మారిస్తే అది మారుతోంది?

"ఎప్పుడు" అన్నదానిలో ఇంజిన్ చల్లగా ఉన్నదా వేడెక్కిందా, బండి ఆగి ఉందా కదులుతోందా, గేరులో ఉందా న్యూట్రల్‌లో ఉందా అన్నవన్నీ వస్తాయి. "ఏ లోతులో" అన్నదానికి పెడల్ ప్రయాణాన్ని మనసులో మూడు భాగాలు చేసుకోవడం తేలిక. పై భాగంలో తగిలే తేడా సాధారణంగా పెడల్ ఇరుసు, స్ప్రింగు, కేబుల్, పుష్ రాడ్ (పెడల్ కదలికను ముందుకు నెట్టే కడ్డీ) వంటి బయటి భాగాలకు సంబంధించినది. మధ్య భాగంలో తగిలేది క్లచ్ అయితే ప్రెషర్ ప్లేటుకు (క్లచ్ ప్లేటును అదిమిపెట్టే భాగానికి), బ్రేకు అయితే డిస్కులకో డ్రమ్ములకో సంబంధించినది కావచ్చు. అట్టడుగున తగిలేది చాలాసార్లు కింద పరిచిన మ్యాట్, లేదా పెడల్ చివరి వరకు వచ్చినప్పుడు నొక్కుకునే స్విచ్ అయి ఉంటుంది. ఇది తుది తీర్పు కాదు కానీ, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

మూడో ప్రశ్న అన్నిటికంటే విలువైనది. ఇంజిన్ ఆపితే కూడా ఉండే తేడాకు ఇంజిన్ తిరగడం కారణం కాలేదు. ఇంజిన్ వేగంతో పాటు హెచ్చే అదురు ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం), ప్రెషర్ ప్లేటు వైపు నుంచి వస్తుంది, బండి వేగంతో పాటు హెచ్చే అదురు చక్రాల వైపు నుంచి వస్తుంది. రెండోసారి తొక్కగానే సర్దుకునే తేడా ద్రవంలోనో, ఎక్కడో మిగిలిన ఖాళీలోనో ఉంటుంది. వీటిని ఇంటి ముందే, ఏ పనిముట్టూ లేకుండా తేల్చుకోవచ్చు.

రెండో అడుగు: ఇంజిన్ ఆపి పెడళ్ల దగ్గర వంగి చూడండి

టార్చి వేసుకుని డ్రైవరు సీటు ముందు వంగి చూడటం చాలామంది వదిలేసే పని. ఒక మ్యాట్ మీద మరో మ్యాట్ వేసినా, మ్యాట్ కొక్కేల నుంచి ఊడి ముందుకు జరిగినా క్లచ్ పెడల్ పూర్తిగా దిగదు. అప్పుడు రివర్సు గేరు గరగరమంటుంది, చూసేవారు గేర్ బాక్సును అనుమానిస్తారు. అదే మ్యాట్ యాక్సిలరేటర్ మీదికి ఎక్కితే ప్రాణాపాయం. సీటు కింద నుంచి దొర్లి వచ్చిన సీసాలు, చెప్పులు కూడా ఇంతే. మ్యాట్ పూర్తిగా తీసివేసి మూడు పెడళ్లనూ అడుగుదాకా తొక్కి చూడండి. తేడా పోయిందంటే వెతుకులాట అక్కడితో ముగిసింది.

తరువాత ప్రతి పెడల్‌ను చేత్తో పట్టుకుని పక్కలకు ఊపండి. కొద్దిపాటి కదలిక సహజమే కానీ, లటలటలాడుతుంటే ఇరుసు దగ్గరి బుష్‌లు అరిగాయని అర్థం. తొక్కినప్పుడు కిర్రుమనే శబ్దం, ఒక చోట పట్టినట్టుండి హఠాత్తుగా విడిపోవడం కూడా అక్కడినుంచే వస్తాయి. చాలా కార్లలో క్లచ్ పెడల్‌కు సహాయక స్ప్రింగు ఒకటి ఉంటుంది. పెడల్ కొంత దూరం దిగాక అది పాదానికి తోడ్పడి బరువు తగ్గిస్తుంది, పైకి వచ్చాక పెడల్‌ను పైన నిలబెడుతుంది. ఆ స్ప్రింగు విరిగినా, కొక్కెం నుంచి జారినా పెడల్ ఒక్కరోజులోనే మారిపోతుంది. ఒక్కరోజులో వచ్చిన మార్పు అరుగుదల వల్ల రాదని గుర్తుపెట్టుకోండి. విరిగినది, ఊడినది, కారినది మాత్రమే రాత్రికి రాత్రి మారుస్తాయి.

హైడ్రాలిక్ క్లచ్ (కేబుల్‌కు బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసేది) ఉన్న కారులో, పెడల్ నుంచి ఇంజిన్ వైపు గోడలోకి వెళ్లే పుష్ రాడ్ చుట్టూ వేలితో తడిమి చూడండి. తడి తగిలితే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కును ద్రవం ఒత్తిడిగా మార్చే భాగం) వెనుక సీలు కారుతోందన్నమాట. బ్రేకు ద్రవం పెయింటును తినేస్తుంది కనుక వేలు వెంటనే తుడుచుకోవాలి.

మూడో అడుగు: బానెట్ ఎత్తి ద్రవం చూడండి

చాలా హైడ్రాలిక్ క్లచ్ కార్లలో క్లచ్‌కు, బ్రేకుకు ద్రవం ఒకే డబ్బా నుంచి వెళుతుంది. క్లచ్ గొట్టం ఆ డబ్బా పక్కగోడకు కొంచెం ఎత్తులో అమర్చి ఉంటుంది, అందువల్ల క్లచ్ వైపు కారిపోయినా బ్రేకుకు కావలసిన ద్రవం కింద మిగులుతుంది. దీనిని బట్టి, ద్రవం తగ్గి క్లచ్ మాత్రమే మెత్తబడితే లీకేజీ క్లచ్ వైపు ఉందని బలంగా అనుమానించవచ్చు. బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం నెమ్మదిగా దిగడం మాత్రం సహజం. వారం రోజుల్లో స్పష్టంగా దిగితే అది కారుతున్నట్టే, పోసి ఊరుకోవడం పరిష్కారం కాదు.

ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ కనిష్ఠ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కు ఈ అంకెలు 205, 140. చాలామంది తయారీదారులు సుమారు రెండేళ్లకోసారి మార్చమనడానికి కారణం ఇదే. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను మిగిలిన వాటితో కలపకూడదు, పేరులో దగ్గరగా ఉన్న డాట్ 5.1 వేరే జాతి. ఏది పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది.

నాలుగో అడుగు: క్లచ్ పెడల్

ఎక్కువ అయోమయం పుట్టేది ఇక్కడే, అందుకే కొంత వివరంగా చెప్పాలి. ఇంజిన్ చివర ఫ్లైవీల్ తిరుగుతుంటుంది, గేర్ బాక్సు షాఫ్టు మీద క్లచ్ ప్లేటు ఉంటుంది. ప్రెషర్ ప్లేటులోని పళ్లెం ఆకారపు డయాఫ్రమ్ స్ప్రింగు ఈ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమిపెడుతుంది. పెడల్ తొక్కితే కేబుల్ గానీ ద్రవం గానీ రిలీజ్ బేరింగును ఆ స్ప్రింగు వేళ్ల మీదికి నెడుతుంది, పట్టు విడుతుంది. అంటే పాదం కింద తెలిసేది ప్రధానంగా ఆ స్ప్రింగు బలం, దానికి దారిపొడవునా కలిసే ఒరిపిడి.

బరువు. నెలల తరబడి నెమ్మదిగా పెరిగిన బరువు సాధారణంగా ప్లేటు అరుగుదలను సూచిస్తుంది. ప్లేటు పలచబడేకొద్దీ స్ప్రింగు తన వంపులో మరింత గట్టిగా ఎదిరించే స్థానానికి చేరుతుంది. కేబుల్ క్లచ్ కార్లలో దీనితో పాటు పట్టు అందుకునే చోటు పైకి జరుగుతుంది. హైడ్రాలిక్ క్లచ్ తనను తాను చాలావరకు సర్దుకుంటుంది కాబట్టి అక్కడ చోటు మారకుండా బరువు మాత్రమే పెరగవచ్చు. అయితే కేబుల్ ఒరిపిడి కూడా నెమ్మదిగానే పెరుగుతుంది, నేను పొరబడింది ఇక్కడే. రెండింటినీ విడదీయాలంటే పెడల్ తిరిగి పైకి రావడాన్ని గమనించండి. స్ప్రింగు బలం పెరిగితే పెడల్ పాదాన్ని అంతే బలంగా వెనక్కి నెడుతుంది. ఒరిపిడి పెరిగితే తొక్కేటప్పుడు బరువుగా ఉండి, వచ్చేటప్పుడు మాత్రం నీరసంగా, ఆగి ఆగి వస్తుంది. తొక్కుతున్నప్పుడు సన్నని గరగర, మధ్యలో "టిక్కు" మనే తెగుదల తగిలితే కేబుల్ పోగులు తెగుతున్నాయని భావించి, అది పూర్తిగా తెగకముందే మార్పించాలి. లోపల నైలాన్ పొర ఉన్న కేబుళ్లకు నూనె పోయకూడదు, పొర ఉబ్బి పరిస్థితి ఇంకా చెడవచ్చు.

మెత్తదనం. పెడల్ దూదిలా దిగి, పట్టు అందుకునే చోటు నేలకు దగ్గరగా ఉండి, రెండు మూడుసార్లు గబగబా తొక్కితే మెరుగుపడితే హైడ్రాలిక్ గొట్టాల్లో గాలి చేరింది. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. గాలి దానంతట అది రాదు కనుక, తీయించిన తర్వాత మళ్లీ వారంలో మెత్తబడితే ఎక్కడో సీలు పోయిందని అర్థం. మాస్టర్ సిలిండర్ లోపలి సీలు అరిగితే బయట చుక్క కూడా కారదు. దానిని పట్టుకునే పరీక్ష ఇది: సమతలమైన ఖాళీ చోట, బ్రేకు గట్టిగా తొక్కి, మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా నొక్కి ఒక నిమిషం కదలకుండా పట్టుకోండి. మొదట నిశ్చలంగా ఉన్న బండి కాసేపటికి ముందుకు లాగడం మొదలుపెడితే, పాదం కదలకపోయినా ఒత్తిడి లోపల జారిపోతోంది. కేబుల్ కారులో మెత్తదనం వస్తే పెడల్ బిగించిన లోహపు గోడ వంగుతోందేమో చూడాలి. మరొకరు పెడల్ తొక్కుతుండగా బానెట్ వైపు నుంచి చూస్తే ఆ గోడ కదలిక కంటికి కనబడుతుంది.

స్లేవ్ సిలిండర్ (ద్రవం ఒత్తిడితో రిలీజ్ బేరింగును నెట్టే భాగం) గేర్ బాక్సు బయట ఉంటే దాని రబ్బరు తొడుగు కొద్దిగా ఎత్తి తడి చూడవచ్చు. కొన్ని కార్లలో అది రిలీజ్ బేరింగుతో కలిసి గేర్ బాక్సు లోపలే, షాఫ్టు చుట్టూ అమర్చి ఉంటుంది. అప్పుడు ఇంజిన్‌కు గేర్ బాక్సుకు మధ్యనుండే గూడు అడుగున చుక్కలు పడటమే ఆనవాలు. అది మార్చాలంటే గేర్ బాక్సు దించాలి. ఎలాగూ దించుతున్నారు కాబట్టి ప్లేటు మందం కూడా చూపించమని అడగడం వివేకం.

పెడల్ పైన ఏ పట్టూ లేకుండా ఊగే కొద్దిపాటి ఖాళీని మెకానిక్‌లు "ప్లే" అంటారు. చేత్తో సర్దుకునే కేబుల్ ఉన్న చాలా కార్లలో ఇది సుమారు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ కారు అంకె యజమాని పుస్తకంలో దొరుకుతుంది. ప్లే బొత్తిగా లేకపోతే బేరింగు ఎప్పుడూ స్ప్రింగును కొంత నొక్కి ఉంచి క్లచ్‌ను జారనిస్తుంది. మరీ ఎక్కువైతే అడుగుదాకా తొక్కినా పట్టు పూర్తిగా విడదు. ఈ రెండు చివరలనూ రెండు పరీక్షలతో గుర్తించవచ్చు. జారుడు తెలియాలంటే ఖాళీ రోడ్డు మీద, నాలుగో గేరులో, ఇంజిన్ నిమిషానికి సుమారు 2,000 చుట్ల మీద ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. బండి వేగం అంతే ఉండి ఇంజిన్ చుట్లు ఒక్కసారిగా ఎగిరితే ప్లేటు జారుతోంది. హ్యాండ్ బ్రేకు వేసి బండిని కదలనీయకుండా క్లచ్ వదిలి చూసే పాత పద్ధతి బాగున్న ప్లేటును కూడా కాల్చగలదు, దానిని నేను సిఫారసు చేయను. పట్టు విడకపోవడం తెలియాలంటే బండిని ఆపి, క్లచ్ అడుగుదాకా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్సు వేయండి. అంతసేపు ఆగినా గేరు గరగరమంటే ప్లేటు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆగకుండా వేసినప్పుడు మాత్రమే గరగరమంటే, అది షాఫ్టు నిలబడటానికి పట్టే సమయం, లోపం కాదు.

అదురు. క్లచ్ మీద తేలికగా పాదం ఆనించినప్పుడు, ఇంజిన్ వేగంతో పాటు మారే లయబద్ధమైన కొట్టుడు తెలిస్తే స్ప్రింగు వేళ్లు ఒకే ఎత్తులో లేకపోవడం, ఫ్లైవీల్ లేదా ప్రెషర్ ప్లేటు కొద్దిగా వంకరగా కూర్చోవడం, ప్రెషర్ ప్లేటు బోల్టులు సడలడం కారణాలు. గేర్ బాక్సు దించి మళ్లీ బిగించిన వెంటనే మొదలైతే బిగింపునే ముందు అనుమానించాలి. అతి సన్నని గిలిగింత వంటి కంపనం వేరు, ఇంజిన్ క్రాంక్ కదలికలు ద్రవం గుండా పాదానికి చేరడం వల్ల అది చాలా కార్లలో కొత్తప్పటినుంచీ ఉంటుంది. బండి కదిలే క్షణంలో మొత్తం కారు దడదడలాడటాన్ని కూడా కొందరు పెడల్ అదురు అంటారు. అది ప్లేటు మీద నూనె చేరడం, ఫ్లైవీల్ మీద వేడి మచ్చలు పడటం, ఇంజిన్ మౌంటింగులు అరగడం వల్ల వస్తుంది. పాదం తీసివేసినా సీటుకు తెలిసేది పెడల్ సమస్య కాదు.

శబ్దం. ఇంజిన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో పెట్టి పెడల్‌ను నెమ్మదిగా తొక్కండి. తొక్కడం మొదలుపెట్టగానే పుట్టే సన్నని కూత లేదా గరగర రిలీజ్ బేరింగుది. తొక్కనప్పుడు ఉండి తొక్కగానే ఆగిపోయే మోత గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు వైపు చూపుతుంది. అయితే కొన్ని గేర్ బాక్సుల్లో న్యూట్రల్‌లో పళ్లు సన్నగా గలగలలాడటం మామూలే, కనుక అది కొత్తగా మొదలైందా అన్నది ముఖ్యం. పెడల్ పూర్తిగా నొక్కి, గేరు వేసి, బండి ఆగి ఉన్నప్పుడే వినబడే కూత, ఆ బేరింగు ఉండే కార్లలో, క్రాంక్ చివరి పైలట్ బేరింగుది కావచ్చు.

పెడల్ నేలకు అంటుకుపోయి పైకి రాకపోతే కాలి వేళ్లతో పైకి లాగి చూడండి. లాగితే వచ్చి రెండోసారి మళ్లీ పనిచేస్తే హైడ్రాలిక్ లోపం. లాగినా బరువూ ఎదురూ లేకుండా వేలాడితే కేబుల్ తెగింది, లేదా పుష్ రాడ్ ఊడింది.

ఐదో అడుగు: బ్రేకు పెడల్

క్లచ్ విషయంలో పొరబడితే బండి ఆగిపోతుంది, బ్రేకు విషయంలో పొరబడితే బండి ఆగదు. అందువల్ల ఈ పరీక్షలను ముందు నిలబడి ఉన్న బండిలో చేసి, తృప్తి కలిగాకే నెమ్మదిగా కదిలే బండిలో చేయాలి.

పెడల్ రాయిలా గట్టిబడితే బూస్టర్‌ను, అంటే శూన్యం (వాక్యూమ్) సాయంతో పాదం నొక్కును పెంచే భాగాన్ని, పరీక్షించండి. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. ఇప్పుడు పాదం అలాగే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ దానంతట అది కొద్దిగా కిందికి జారాలి. జారకపోతే బూస్టర్‌కు శూన్యం అందడం లేదు, లేదా దాని లోపలి పొర చిరిగింది. పెడల్ తొక్కినంతసేపూ పాదాల దగ్గర బుస్సుమనే శబ్దం ఆగకుండా వస్తుంటే ఆ పొరను అనుమానించాలి. డీజిల్ ఇంజిన్లలో ఈ శూన్యాన్ని ప్రత్యేకమైన పంపు తయారుచేస్తుంది కాబట్టి గొట్టంతో పాటు పంపును కూడా చూడాలి. బూస్టర్ పరీక్షలో నెగ్గినా బండి సరిగా ఆగకపోతే, ప్యాడ్ల ఉపరితలం గాజులా నున్నబడి ఉండవచ్చు.

పొడవైన దిగుడు వాలులో బ్రేకులు బలహీనపడినప్పుడు కూడా పాదమే కారణం చెబుతుంది. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోయాయి. పెడల్ మెత్తబడి లోతుకు పోతే ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడ్డాయి. రెండింటిలోనూ గేరు తగ్గించి ఇంజిన్‌తో వేగం అణచి, బండి ఆపి చల్లారనివ్వాలి. రెండో సందర్భంలో చల్లారాక పెడల్ మామూలైనా ద్రవం మార్చకుండా మళ్లీ వాలు దిగకూడదు.

నెమ్మదిగా మునిగే పెడల్‌ను పట్టుకోవడానికి ఇంజిన్ ఆపి, బూస్టర్‌లో మిగిలిన శూన్యాన్ని నాలుగైదుసార్లు తొక్కి ఖాళీ చేసి, మొదట తేలికగా, తరువాత గట్టిగా, ఒక్కోసారి అరనిమిషం చొప్పున నొక్కి ఉంచండి. గట్టిగా తొక్కినప్పుడు అరిగిన సీలు కూడా సిలిండర్ గోడకు అదుముకుని నిలబడగలదు కాబట్టి తేలికపాటి ఒత్తిడితో చేసే పరీక్షను వదిలిపెట్టకూడదు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు పెడల్ మెల్లగా దిగుతోందని గమనించేవారు తరచుగా చూస్తున్నది ఈ లోపాన్నే. ఎక్కడా తడి లేకుండా పెడల్ మునిగితే మాస్టర్ సిలిండర్ మార్చవలసిందే.

మొదటిసారి లోతుకు పోయి, వెంటనే రెండోసారి తొక్కితే ఎత్తులో నిలబడే పెడల్‌కు వెనుక డ్రమ్ము బ్రేకుల సర్దుబాటు తప్పడం సాధారణ కారణం. మలుపులు తిరిగిన తర్వాత మాత్రమే ఇలా జరిగితే చక్రపు బేరింగు సడలి డిస్కు ఊగుతూ ప్యాడ్లను వెనక్కి నెడుతోందేమో చూడాలి. రెండోసారి తొక్కినా మెత్తదనం పోకపోతే గాలి చేరిందనుకోవాలి.

వేగం తగ్గుతుండగా పెడల్ పాదాన్ని లయగా వెనక్కి కొడుతూ, బండి నెమ్మదించేకొద్దీ ఆ లయ కూడా నెమ్మదిస్తే డిస్కు మందం చుట్టూ ఒకేలా లేదు. దీనిని "డిస్కు వంగింది" అంటుంటారు కానీ, చాలాసార్లు జరిగేది ప్యాడ్ పదార్థం డిస్కు మీద అక్కడక్కడ మచ్చలుగా అంటుకోవడం, ఆ మచ్చల వల్ల అరుగుదల అసమానం కావడం. మిల్లీమీటరులో నూరింట రెండు వంతుల తేడా కూడా పాదానికి తెలుస్తుంది. స్టీరింగు కూడా వణికితే ముందు డిస్కులు, సీటు మాత్రమే వణికితే వెనుకవి. ఎవరూ లేని చోట, తక్కువ వేగంలో, చేత్తో లాగే హ్యాండ్ బ్రేకును బటన్ నొక్కి పట్టుకునే మెల్లగా లాగినప్పుడు అదే వణుకు వస్తే వెనుక వైపు అన్నది రూఢి అవుతుంది. కొత్త డిస్కు వేసేటప్పుడు హబ్ మీది తుప్పు తుడవకపోయినా, చక్రం బోల్టులను ఒకే బిగువుతో బిగించకపోయినా కొన్ని వేల కిలోమీటర్లలో ఇదే లోపం తిరిగి వస్తుంది.

ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) పనిచేసినప్పుడు కలిగే కొట్టుడు దీనికి భిన్నంగా వేగంగా, కరకరమనే శబ్దంతో ఉంటుంది. జారే నేల మీద గట్టిగా తొక్కినప్పుడు వస్తే అది రక్షణ, పాదం ఎత్తకుండా అలాగే నొక్కి ఉంచాలి. పొడి రోడ్డు మీద, నడక వేగానికి దగ్గరగా, తేలికగా బ్రేకు వేసినప్పుడు వస్తే మాత్రం ఒక చక్రపు వేగం తెలిపే సెన్సర్ మురికిపట్టడమో, దాని పళ్ల వలయం పగలడమో జరిగింది. స్టార్ట్ చేసి కొద్ది దూరం వెళ్లగానే ఒక్కసారి "టక్కు" మని తగలడం చాలా కార్లలో ఏబీఎస్ తనను తాను పరీక్షించుకోవడం మాత్రమే.

ఆరో అడుగు: యాక్సిలరేటర్

దీనికి కారణాలు తక్కువ. కేబుల్ ఉన్న కారులో మొదటి కదలికకు మాత్రమే పట్టేసి, విడిపోగానే బండి ముందుకు దూకితే థ్రాటిల్ రేకు (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు వంటిది) చుట్టూ మసి పేరుకుంది, శుభ్రం చేయిస్తే పోతుంది. ప్రయాణమంతా గరగరమంటే కేబుల్ చెడింది. ఎలక్ట్రానిక్ పెడల్‌లో పాదానికి తెలిసే బరువు పెడల్‌లోని స్ప్రింగుది మాత్రమే. అందులో రెండు సెన్సర్లు విడివిడిగా స్థానాన్ని చెబుతాయి, అవి పొసగకపోతే హెచ్చరిక దీపం వెలిగి ఇంజిన్ శక్తి తగ్గుతుంది. తొక్కిన కాసేపటికి గానీ బండి స్పందించకపోవడం పెడల్ లోపమే కానక్కరలేదు, ఆ వెతుకులాట ఇంజిన్ వైపు సాగాలి.

యాక్సిలరేటర్ పెడల్ అడుగున ఇరుక్కుపోయి ఇంజిన్ హోరెత్తితే చేయవలసినది ముందే అనుకుని ఉంచుకోండి. క్లచ్ తొక్కాలి, గేరు న్యూట్రల్‌కు తేవాలి, బ్రేకును ఒక్క పట్టున గట్టిగా తొక్కి ఉంచాలి. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకున్న పెట్రోలు ఇంజిన్ బూస్టర్‌కు శూన్యం అందించలేదు కాబట్టి బ్రేకును పదేపదే వదిలి తొక్కితే మిగిలిన సహాయం కూడా ఖర్చయిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ ఎంత అరిచినా అరవనిచ్చి, బండి ఆగాకే తాళం తిప్పాలి. కదులుతుండగా తాళం తీస్తే స్టీరింగు బిగుసుకోవచ్చు.

ఏడో అడుగు: ఎప్పుడు నడపడం ఆపాలి, మెకానిక్‌కు ఏం చెప్పాలి

బ్రేకు పెడల్ నేలను తాకినా, నొక్కి ఉంచితే మునుగుతున్నా, ద్రవం కారుతున్నట్టు కనబడినా, యాక్సిలరేటర్ ఒక్కసారైనా ఇరుక్కున్నా ఆ కారును నడిపి తీసుకువెళ్లకండి, లాగించి తీసుకువెళ్లండి. క్లచ్ బరువెక్కినా, కూత పెట్టినా, పట్టు చోటు మారినా కొద్ది రోజులు జాగ్రత్తగా నడపవచ్చు, కానీ ద్రవం తగ్గుతున్న క్లచ్‌కు ఆ వెసులుబాటు లేదు.

మెకానిక్‌కు రోగం పేరు చెప్పకండి, మీ కాగితంలో ఉన్నది చెప్పండి. "బండి ఆగి, మొదటి గేరులో, క్లచ్ నొక్కి ఉంచితే నలభై సెకన్ల తర్వాత ముందుకు లాగుతోంది, డబ్బాలో ద్రవం తగ్గలేదు, కింద ఎక్కడా తడి లేదు" అన్న వాక్యం వింటే పని తెలిసినవారు నేరుగా మాస్టర్ సిలిండర్ దగ్గరికి వెళతారు. వీలైతే పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి, వారిచేత నడిపించి మరోసారి ఆ స్పర్శను చూపించండి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకుని, అరిగిందా, తడిసిందా, విరిగిందా కళ్లారా చూడండి. బండి తిరిగి చేతికి వచ్చినప్పుడు బయలుదేరే ముందే బ్రేకును నాలుగైదుసార్లు తొక్కి ఎత్తు చూడాలి, ఎందుకంటే ప్యాడ్లు మార్చిన కారులో మొదటి తొక్కుకు పెడల్ నేలదాకా పోవచ్చు. తరువాత మీరు మొదట రాసుకున్న పరీక్షనే, అదే గేరులో, ఇంజిన్ అదే వేడిలో ఉండగా మళ్లీ చేసి, వచ్చిన ఫలితాన్ని ఆ కాగితం మీదే తేదీతో రాసుకోండి.